మదింపు పత్రంలో కుటుంబం: బాలల సేవల్లో 'సాంస్కృతిక సామర్థ్యం' భావనపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

బాలలకు, యువతకు, కుటుంబాలకు అందే సంక్షేమ సేవల్లో 'సాంస్కృతిక సామర్థ్యం' అనే భావన 1989 నుంచి విస్తృత ప్రచారంలో ఉంది. సేవలందించే ఉద్యోగి ఎదుటివారి ఆచారవ్యవహారాలను తెలుసుకుని మెలగడమే ఈ సామర్థ్యమన్న అర్థం క్రమంగా స్థిరపడింది. ఈ అర్థం అసంపూర్ణమని ప్రస్తుత వ్యాసం ప్రతిపాదిస్తుంది. కుటుంబాన్ని మదింపు చేసే పత్రం ఏం అడుగుతుంది, ఏ భాషలో రాస్తుంది, తనపై రాసినదానికి బదులు చెప్పే హక్కును కుటుంబానికి ఇస్తుందా అన్నవే ఈ భావనకు అసలు గీటురాళ్లు. అమెరికా ఆదివాసీ బాలల సంక్షేమ చట్టం (1978), తెలుగు నేలపై నేరస్థ తెగల చట్టం అమలైన తీరు, భారత బాలల న్యాయ చట్టం (2015)లోని సామాజిక దర్యాప్తు నివేదిక ఈ పరిశీలనకు ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: సాంస్కృతిక సామర్థ్యం, మదింపు, సామాజిక దర్యాప్తు నివేదిక, బంధుత్వ పదాలు, సంచార జాతులు, బాలల న్యాయ చట్టం.

1. ప్రవేశిక

ఒక బిడ్డ తన ఇంట్లో పెరగాలా, ప్రభుత్వ గృహంలో పెరగాలా అన్న నిర్ణయం చాలా సందర్భాల్లో ఒక నివేదికపై ఆధారపడుతుంది. దాన్ని రాసే వ్యక్తి ఆ ఇంటికి ఒకటి రెండుసార్లు వెళ్తాడు, ఇరుగుపొరుగును విచారిస్తాడు, తల్లిదండ్రులతోనూ బిడ్డతోనూ మాట్లాడతాడు. తాను చూసినదాన్ని, విన్నదాన్ని ముందే అచ్చయిన గడుల్లో నింపుతాడు. తీర్పు చెప్పే సమితి సభ్యులు ఆ ఇంటిని చూడరు, ఆ పత్రాన్నే చూస్తారు. అందువల్ల కుటుంబానికీ రాజ్యానికీ మధ్య జరిగే సంభాషణలో అత్యంత బలమైన పాత్ర ఆ పత్రానిది.

ఈ పత్రం రాసే వ్యక్తి కులం, తరగతి, మాతృభాష, నివాసం చాలాసార్లు ఆ కుటుంబానివి కావు. ఈ దూరం వల్ల జరిగే తప్పులను తగ్గించడానికి సామాజిక సేవారంగం ప్రతిపాదించిన పరిష్కారమే 'సాంస్కృతిక సామర్థ్యం'. మన సామాజిక కార్య విభాగాల పాఠ్యాంశాల్లోనూ శిక్షణ తరగతుల్లోనూ ఈ మాట వినబడుతున్నది. అయితే తెలుగులో దీనిపై విమర్శనాత్మక చర్చ చాలా తక్కువ. ఈ భావన ఎక్కడ పుట్టింది, ప్రచారంలో ఏ రూపం పొందింది, మన నేలపై ఏ చరిత్రను ఎదుర్కొంటుంది, ఇప్పటి చట్టంలో దానికి చోటెక్కడ అన్న నాలుగు ప్రశ్నలను ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది.

2. భావన పుట్టుక, కుదింపు

1989లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ బాలల అభివృద్ధి కేంద్రం ద్వారా టెర్రీ క్రాస్, ఆయన సహరచయితలు ఒక లఘుగ్రంథాన్ని వెలువరించారు. తీవ్రమైన మానసిక, భావోద్వేగ సమస్యలున్న అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు సేవలు ఎలా అందాలన్నది దాని విషయం. క్రాస్ సెనెకా ఆదివాసీ జాతికి చెందినవాడు. ఆదివాసీ పిల్లల సంక్షేమం కోసం జాతీయస్థాయి సంస్థను స్థాపించినవాడు. సాంస్కృతిక విధ్వంసం, అశక్తత, అంధత్వం, పూర్వసామర్థ్యం, సామర్థ్యం, ప్రావీణ్యం అనే ఆరు దశల సోపానాన్ని ఈ గ్రంథం ప్రతిపాదించింది. సేవాసంస్థ ఈ మెట్లలో ఎక్కడుందో తనకు తానే తేల్చుకోవాలన్నది ప్రతిపాదన సారం.

ఈ సోపానంలో మూడవ మెట్టు ప్రత్యేకంగా గమనార్హం. అందరినీ ఒకేలా చూస్తున్నామని గర్వించే సంస్థను గ్రంథకర్తలు 'అంధత్వం' దశలో ఉంచారు. అందరికీ ఒకే కొలబద్ద అన్నప్పుడు ఆ కొలబద్ద ఎవరి ఇంటిని చూసి తయారైందన్న ప్రశ్న మరుగున పడుతుందని వారి ఆక్షేపణ. సమానత్వం పేరుతో జరిగే అసమానతను గుర్తించిన ఈ పరిశీలన నేటికీ విలువైనది.

మూలనిర్వచనంలో ప్రవర్తన, దృక్పథాలతో పాటు విధానాలు కూడా ఉన్నాయి. వ్యక్తితో పాటు సంస్థ, వ్యవస్థ కూడా ఉన్నాయి. ప్రచారంలో ఈ రెండవ సగం పలచబడింది. విధానాలు మార్చడానికి అధికారాన్ని పంచుకోవాలి, శిక్షణ తరగతికి ఒక పూట చాలు. ఫలితంగా సాంస్కృతిక సామర్థ్యం కొన్ని సమూహాల అలవాట్ల జాబితాగా, ఉద్యోగి సంపాదించుకునే ఒక అర్హతగా కుదించుకుపోయింది.

ఈ కుదింపు ఎంత హాని చేయగలదో 1998లో మెలనీ టర్వలోన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు వైద్యులు తమ వ్యాసంలో చూపారు. శస్త్రచికిత్స తర్వాత మూలుగుతున్న ఒక లాటినో స్త్రీ బాధను ఒక నర్సు పట్టించుకోలేదు. ఆ వర్గం వారు నొప్పిని ఎక్కువ చేసి చెబుతారని తాను శిక్షణలో నేర్చుకున్నానని ఆమె సమాధానం. లాటినో వైద్యుడు అభ్యంతరం చెప్పినా ఆమె నమ్మకం సడలలేదు. ఇక్కడ లోపం అజ్ఞానం కాదు. సంస్కృతి గురించిన 'జ్ఞానమే' ఎదుట ఉన్న మనిషి గొంతును వినకుండా చేసింది. వ్యాసకర్తలు సామర్థ్యానికి బదులు 'సాంస్కృతిక వినయం' అన్న మాటను ప్రతిపాదించారు. నేర్చుకోవడం ఎన్నటికీ పూర్తికాదన్న ఎరుక, తన అధికారాన్ని తాను పరీక్షించుకోవడం, సమూహంతో పరస్పర భాగస్వామ్యం అందులో ప్రధానాంశాలు.

ఈ విమర్శ సరైనదే. అయితే వినయాన్ని ఉద్యోగి గుణంగా మాత్రమే స్వీకరిస్తే సమస్య అక్కడే నిలుస్తుంది. వినయవంతుడైన అధికారి బదిలీ అయితే కుటుంబానికి దిక్కెవరు? వినయం ఉన్నా లేకున్నా బిడ్డకు న్యాయం జరిగే ఏర్పాటు ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్నకు సమాధానం 1989 గ్రంథానికి పదకొండేళ్ల ముందే ఒక చట్టంలో కనిపిస్తుంది.

3. గుణం నుంచి పద్ధతికి: 1978 చట్టం

1969లోనూ 1974లోనూ అమెరికాలో జరిగిన సర్వేల ప్రకారం ఆదివాసీ పిల్లల్లో 25 నుంచి 35 శాతం మంది తమ కుటుంబాల నుంచి వేరుచేయబడి ఉన్నారు. బిడ్డను అవ్వ దగ్గరో పెద్దమ్మ దగ్గరో వదిలి వెళ్లడం, ఒకే ఇంట్లో చాలామంది ఉండటం, పేదరికం వంటివి సామాజిక కార్యకర్తల కంటికి 'నిర్లక్ష్యం'గా కనిపించాయి. ఆదివాసీ సమాజంలో అవ్వకు, మేనత్తకు బిడ్డపై ఉండే బాధ్యత వారి పత్రాల్లో ఎక్కడా లేదు. కాబట్టి తల్లి ఇంట్లో లేకపోతే బిడ్డకు ఎవరూ లేనట్టే నమోదైంది.

ఈ స్థితికి సమాధానంగా 1978లో ఆదివాసీ బాలల సంక్షేమ చట్టం వచ్చింది. ఆదివాసీ సమాజాల్లో అమలులో ఉన్న సాంస్కృతిక, సామాజిక ప్రమాణాలను రాష్ట్రాల యంత్రాంగం తరచుగా గుర్తించలేకపోయిందని చట్టం తన పీఠికలోనే అంగీకరించింది. అయితే ఉద్యోగులు మరింత సున్నితంగా ఉండాలని కోరి ఊరుకోలేదు, పద్ధతినే మార్చింది. బిడ్డను పెంపక సంరక్షణకు పంపాలన్నా, తల్లిదండ్రుల హక్కులను రద్దు చేయాలన్నా అర్హతగల నిపుణ సాక్షుల వాంగ్మూలం తప్పనిసరి చేసింది. దత్తత విషయంలో మొదట విస్తృత కుటుంబానికి, తరువాత తెగలోని ఇతరులకు, ఆపైన ఇతర ఆదివాసీ కుటుంబాలకు ప్రాధాన్యం ఇచ్చింది. 'విస్తృత కుటుంబం' అంటే ఎవరో ఆ తెగ చట్టం లేదా ఆచారం ప్రకారం తేల్చాలని చెప్పింది. ఈ చట్టం రాజ్యాంగబద్ధతను సవాలు చేసిన వ్యాజ్యంలో 2023 జూన్ 15న అమెరికా సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో దాన్ని నిలబెట్టింది.

కుటుంబం అంటే ఎవరన్న నిర్వచనాధికారం మదింపు చేసేవారి నుంచి మదింపుకు గురయ్యేవారి వైపు కొంతైనా జరగడమే ఈ చట్టంలోని కీలకాంశం. అధికారి మంచివాడైనా కాకపోయినా ఈ ఏర్పాటు పనిచేస్తుంది. సాంస్కృతిక సామర్థ్యం పద్ధతి లక్షణం కాగలదనడానికి ఇది నిదర్శనం.

4. 'సంస్కృతి' అనే తెలుగు మాట

ఈ భావన తెలుగులోకి వచ్చినప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. సామాజికశాస్త్రాల్లో సంస్కృతి అంటే ప్రతి సమూహానికీ ఉండే జీవనవిధానం. తెలుగు వాడుకలో మాత్రం ఈ మాట 'సంస్కారం'తో జంటగా నడుస్తుంది. రెండింటి మూలార్థం శుద్ధి చేయడం, మెరుగుపెట్టడం. 'సంస్కారం ఉన్న కుటుంబం', 'సంస్కారం లేని మాట' అన్న ప్రయోగాల్లో హెచ్చుతగ్గుల కొలత దాగి ఉంటుంది. ఇలా సంస్కృతి అందరికీ ఉండేదిగా కాక, కొందరికి ఉండి మరికొందరికి లేనిదిగా ధ్వనిస్తుంది.

దీని ప్రభావం మదింపు భాషపై నేరుగా పడుతుంది. 'ఇంటి వాతావరణం బాగోలేదు', 'తల్లికి క్రమశిక్షణ లేదు', 'పిల్లవాడు దురలవాట్ల మధ్య పెరుగుతున్నాడు' వంటి వాక్యాలు పరిశీలనలా కనిపిస్తాయి, కాని అవి తీర్పులు. కల్లుగీత వృత్తిగా గల ఇంట్లో కల్లు ఉండటం, పందుల పెంపకం సాగే వాడలో పందులు తిరగడం, తల్లి గట్టిగా మాట్లాడటం ఇలాంటి వాక్యాలుగా మారే అవకాశం ఎప్పుడూ ఉంది. ఏ కులపు ఇంటిని ఆదర్శంగా తీసుకుని ఈ మాటలు నిలబడుతున్నాయో విచారించకుండా సాంస్కృతిక సామర్థ్యం గురించి మాట్లాడటం నిష్ఫలం.

5. జ్ఞానం ఉండీ జరిగిన అన్యాయం: నేరస్థ తెగల చరిత్ర

సంస్కృతిని గురించిన సమాచారం ఎక్కువైతే న్యాయం దానంతటదే జరుగుతుందన్న నమ్మకాన్ని తెలుగు నేల చరిత్ర ఖండిస్తుంది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా వ్యాపారం చేసిన కొరవ, ఎరుకల సమూహాల జీవనాధారాన్ని రైళ్లు, ఉప్పు విధానం, అడవి చట్టాలు ఎలా దెబ్బతీశాయో మీనా రాధాకృష్ణ తన 2001 నాటి గ్రంథంలో వివరించారు. బతుకుదెరువు కోల్పోయిన సంచారమే నేరస్వభావానికి గుర్తుగా నమోదైంది.

ఎరుకల కుటుంబాలను స్థిరపరచడానికి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్థావరాల్లో నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం ప్రసిద్ధం. 1911 చట్టం, తరువాత దాన్ని క్రోడీకరించిన 1924 చట్టం ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చాయి. ఏ ఒక్క బిడ్డ, ఏ ఒక్క తల్లి విషయంలోనూ విడిగా మదింపు అక్కర్లేకపోయింది. సమూహం మొత్తాన్నీ ముందే మదింపు చేసి ముగించారు. పుట్టుకే నివేదిక అయింది.

ఆనాటి పాలకులకు సాంస్కృతిక సమాచారం కొరత లేదు. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథంలో దక్షిణ భారత కులాల, తెగల పెళ్లిళ్లు, చావు ఆచారాలు, బంధుత్వాలు, దేవతలు విస్తారంగా నమోదయ్యాయి. కొరవల గురించి రాసిన భాగంలో వారి ఆచారాలతో పాటు వారి నేరపద్ధతులూ చేరాయి. సంస్కృతి వర్ణన, నేర వర్ణన ఒకే పుటల్లో కలిసిపోయాయి. సమాచారం ఎంత పెరిగినా అది వర్ణించబడినవారి చేతికి రాలేదు. తమపై రాసినదాన్ని చదివి, 'ఇది నిజం కాదు' అనగలిగే స్థానం వారికి లేదు. లోపించింది సమాచారం కాదు, ప్రత్యుత్తరం చెప్పే హక్కు.

స్వాతంత్ర్యానంతరం 1952లో ఈ చట్టం రద్దయింది. చట్టం పోయినా చూపు పూర్తిగా పోలేదన్నది విముక్త జాతుల ప్రతినిధులు పదేపదే చెబుతున్న మాట. ఆ చూపు నేటి పత్రాల్లో ఏ రూపంలో మిగిలి ఉండవచ్చునో పరిశీలించాలి.

6. సామాజిక దర్యాప్తు నివేదిక: గడులు, బంధుత్వాలు

బాలల న్యాయ (సంరక్షణ, రక్షణ) చట్టం, 2015 ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరుస్తారు. 36వ విభాగం ప్రకారం సామాజిక దర్యాప్తు 15 రోజుల్లో ముగియాలి, సమితి తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. చట్టస్పర్శకు లోనైన బాలల విషయంలోనూ 8వ విభాగం 15 రోజుల్లో నివేదికను కోరుతుంది. 3వ విభాగంలోని మూలసూత్రాలు ఉదాత్తమైనవి. కుటుంబ బాధ్యత, సమానత, నింద ధ్వనించే పదాలను వాడకపోవడం, సంస్థలో ఉంచడం చివరి మార్గమే కావడం వాటిలో ఉన్నాయి. సమస్య ఈ సూత్రాలకూ నింపవలసిన పత్రానికీ మధ్య ఉన్న దూరంలో ఉంది.

2016 నాటి నమూనా నియమాల ఫారాల్లో కుటుంబ సంబంధాలను తండ్రి-తల్లి, తండ్రి-బిడ్డ, తల్లి-బిడ్డ, తోబుట్టువులు అంటూ విడదీసి, ఒక్కొక్కదాన్ని 'సఖ్యం ఉంది', 'సఖ్యం లేదు', 'తెలియదు' అన్న మూడు గుర్తులతో సూచించమంటారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు కాక మిగిలినవారందరూ 'బంధువులు' అనే ఒకే వరుసలో ఇమడాలి. తెలుగువారి బంధుత్వ వ్యవస్థకు ఇది సరిపోదు. పెద్దమ్మ, చిన్నమ్మ, పెదనాయన, చిన్నాయన అన్న మాటల్లోనే అమ్మ, నాయన ఉన్నారు. పెద్దమ్మ కొడుకు బిడ్డకు అన్నే. మేనమామది వేరే వరుస, వేరే బాధ్యత. ద్రావిడ బంధుత్వ వ్యవస్థ ప్రత్యేకతగా మానవశాస్త్రజ్ఞులు గుర్తించిన ఈ విభజన తెలుగు ఇళ్లలో రోజువారీ పిలుపు. దీన్నంతా ఒక్క గడిలో కుదించినప్పుడు, బిడ్డను ఎవరు సాకగలరన్న ప్రశ్నకు కావలసిన సమాచారమే జారిపోతుంది.

నివేదిక ఇంగ్లీషులో రాయవలసి వచ్చినప్పుడు నష్టం రెట్టింపవుతుంది. 'పిన్ని' అన్న మాటనే చూడవచ్చు. అమ్మ చెల్లెలు పిన్ని, చిన్నాన్న భార్య పిన్ని, తండ్రి రెండో భార్యనూ చాలా ఇళ్లలో పిన్ని అనే పిలుస్తారు. 'పిన్ని దగ్గర ఉంటున్నాను' అని బిడ్డ చెప్పిన మాటను సవతితల్లిగా అనువదిస్తే ఒక కథ, తల్లి చెల్లెలుగా అనువదిస్తే మరో కథ. మొదటిదానిలో అనుమానం, రెండవదానిలో ఆదరణ ధ్వనిస్తాయి. బిడ్డ చెప్పింది మాత్రం ఒక్కటే.

మరికొన్ని పదాలూ ఇలాగే పత్రంలో రూపు మార్చుకుంటాయి. భర్త చనిపోయిన లేదా విడిపోయిన స్త్రీ మళ్లీ సంసారం కట్టుకోవడానికి అనేక బహుజన కులాల్లో 'మారుమనువు' అనే గౌరవప్రదమైన ఏర్పాటు ఉంది. పత్రంలో అది 'విచ్ఛిన్న కుటుంబం'గా, ఇంటి పెద్ద 'సవతి తండ్రి'గా మారే ప్రమాదం ఉంది. పిల్లలు లేని అక్క చెల్లెలి బిడ్డను 'సాదుకోవడం' తెలంగాణ పల్లెల్లో సాధారణం. కాగితం లేని ఈ పెంపకం పత్రం దృష్టిలో దత్తత కాదు, సంరక్షకత్వం కాదు. షెడ్యూల్డ్ తెగలకు కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప 1956 నాటి హిందూ దత్తత చట్టం వర్తించదు కాబట్టి, వారి విషయంలో ఆచారం పరిశీలన మరింత కీలకం. వలస కాలంలో తల్లిదండ్రులు ఇటుకబట్టీలకో నగరానికో వెళ్తూ బిడ్డను అమ్మమ్మ దగ్గర ఉంచితే, దాన్ని 'వదిలివేయడం' అనాలా, 'అప్పజెప్పడం' అనాలా అన్నది రాసేవారి చేతిలో ఉంది.

ఇవి కేవలం మాటల పట్టింపులు కావు. మిషన్ వాత్సల్య కింద, విస్తృత కుటుంబంతో ఉంటున్న అనాథ బాలలకు నెలకు రూ.4,000 ప్రాయోజక సహాయం అందే వీలుంది. సాదుకున్న పెద్దమ్మ పత్రంలో 'కుటుంబం'గా నమోదైతే ఆ సహాయంతో బిడ్డ ఇంట్లోనే పెరగవచ్చు. నమోదు కాకపోతే అదే బిడ్డ 'ఎవరూ లేని' బిడ్డగా బాలల గృహానికి చేరవచ్చు. ఒక గడి నిండిన తీరు ఒక బాల్యం దిశను మార్చగలదు.

సంచార జాతుల విషయంలో చట్టనిర్వచనమే ఇబ్బందికరం. ఇల్లు లేదా స్థిరనివాసం లేకుండా, కనబడే జీవనాధారం లేకుండా ఉన్న బిడ్డ, భిక్షాటన చేస్తున్న బిడ్డ సంరక్షణ అవసరమైనవారని 2వ విభాగం చెబుతుంది. బుడగజంగాలు, గంగిరెద్దులవారు, కాటిపాపలవారి వంటి సమూహాలకు సంచారమే నివాసం, కళాప్రదర్శనకు ప్రతిఫలంగా అందుకునే త్యాగం వారి వృత్తి. డేరాలో తల్లిదండ్రులతో ఉన్న బిడ్డకు కావలసింది బడి, ఆరోగ్యం, ఇంటిస్థలం. ఆ అవసరాలను కుటుంబ లోపాలుగా రాస్తే, రాజ్యం చేయవలసిన పని తల్లిదండ్రుల తప్పుగా మారిపోతుంది.

భాష మరో అంశం. గోండి, కోయ, కొలామి, కువి, సవర, లంబాడి మాట్లాడే పిల్లలు తెలుగులో అడిగిన ప్రశ్నకు మౌనంగా ఉండటాన్ని 'మందకొడితనం'గానో 'దాపరికం'గానో చదివే అవకాశం ఉంది. అవసరమైనచోట న్యాయమండలి దుబాసీని ఏర్పాటు చేయాలని 8వ విభాగం చెబుతుంది. అయితే ఇంటివద్ద దర్యాప్తు జరిగేటప్పుడు మాటను మోసేది తరచుగా బడికి వెళ్లే పిల్లలో, ఊరి పెద్దలో అవుతారు. తల్లి మాటను ఎవరి నోట విన్నారో నివేదికలో నమోదు కాకపోతే, దుబాసీ అభిప్రాయం తల్లి వాంగ్మూలంగా నిలిచిపోతుంది.

7. హద్దు ఎక్కడ? సంస్కృతి సాకు కారాదు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి కుటుంబం చేసే ప్రతి పనినీ సంస్కృతి పేరుతో సమర్థించాలని అనుకోవడం పొరపాటు. 2012 డిసెంబరులో నార్వే రాజధాని ఓస్లోలోని న్యాయస్థానం, తమ ఏడేళ్ల కుమారుణ్ణి హింసించారన్న అభియోగంపై ఒక తెలుగు దంపతులకు జైలుశిక్ష విధించింది. తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు. 'మన దగ్గర పిల్లల్ని దండించడం మామూలే కదా' అన్న వాదన ఇక్కడి చర్చల్లో బలంగా వినిపించింది. నార్వే 1987లోనే తల్లిదండ్రులు పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. మన దేశంలోనూ 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను నిషేధించింది, బాలల న్యాయ చట్టం 75వ విభాగం బిడ్డ పట్ల క్రూరత్వాన్ని నేరంగా పరిగణిస్తుంది. దెబ్బతిన్న బిడ్డ కూడా ఆ సంస్కృతికి చెందినవాడే. సంస్కృతి తరఫున మాట్లాడే హక్కు కొట్టిన చేతికే ఉందనుకుంటే బిడ్డ గొంతు మరోసారి పోతుంది.

అదే నార్వేకు సంబంధించిన మరో తీర్పు ఇంకో పార్శ్వాన్ని చూపుతుంది. సోమాలియా నుంచి శరణార్థిగా వెళ్లిన ఒక ముస్లిం తల్లి బిడ్డను అధికారులు ఒక క్రైస్తవ కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు, తరువాత తల్లి హక్కులను రద్దుచేసి దత్తతకు అనుమతించారు. తల్లి చివరికి బిడ్డను తిరిగి ఇమ్మని కోరలేదు. తన మూలాలతో, మతంతో బిడ్డకు ఉన్న బంధం తెగిపోకుండా చూడమని కోరింది. 2021 డిసెంబరు 10న యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానపు మహాధర్మాసనం తల్లి కుటుంబజీవన హక్కుకు భంగం కలిగిందని తేల్చింది. సంరక్షణ అవసరమైనప్పుడు కూడా సంస్కృతి ప్రశ్న ముగిసిపోదన్నది ఈ తీర్పు సారాంశం. భారతదేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం కూడా, ఇంటికి దూరమైన బిడ్డ పెంపకంలో జాతి, మత, సాంస్కృతిక, భాషా నేపథ్యాల కొనసాగింపును పట్టించుకోవాలని కోరుతుంది.

సంస్కృతి సాకుగా మారే ప్రమాదం రాజ్యం వైపు నుంచి కూడా ఉంది. 1999లోనూ 2001లోనూ నాటి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడి తండాల ఆడశిశువులు దత్తత సంస్థలకు చేరిన ఉదంతాలు బయటపడ్డాయి. ఆడపిల్లలను అమ్ముకోవడం వారి 'ఆచారం' అన్న వివరణ ఎంత తేలికగా ప్రచారంలోకి వచ్చిందో గుర్తుచేసుకోవాలి. కరువు, అప్పు, కట్నం, విదేశీ దత్తతలో చేతులు మారే డబ్బు, దళారులు ఆ ఒక్క మాట వెనుక మాయమయ్యారు. అందువల్ల మదింపులో సంస్కృతి ఒక వివరణగా వచ్చినప్పుడల్లా, అది ఏ ఆర్థిక కారణాన్ని కప్పిపుచ్చుతున్నదో అడగడం అవసరం.

8. ప్రత్యుత్తరం: 99వ విభాగం

మదింపు తప్పకుండా జరగాలి, అది తప్పులు చేయకుండా ఉండలేదు. కాబట్టి తప్పును సరిదిద్దే మార్గం మదింపు లోపలే ఉండాలి. ఈ దృష్టితో చూస్తే బాలల న్యాయ చట్టంలో అంతగా చర్చకు రాని 99వ విభాగం అత్యంత కీలకమైనది. బిడ్డకు సంబంధించిన నివేదికలన్నీ గోప్యమని ఆ విభాగం చెబుతుంది. తగునని తోచినప్పుడు వాటి సారాంశాన్ని బిడ్డకు, తల్లిదండ్రులకు, సంరక్షకులకు తెలియజేసి, నివేదికలోని విషయానికి సంబంధించి సాక్ష్యం చూపే అవకాశం సమితి గాని మండలి గాని ఇవ్వవచ్చునని కూడా చెబుతుంది. అంటే కుటుంబానికి బదులు చెప్పే తలుపు చట్టంలో ఉంది. ఆ తలుపు గడియ మాత్రం పూర్తిగా ఇవతలివారి చేతిలో ఉంది.

గోప్యతకు బలమైన కారణం లేకపోలేదు. తండ్రి కొట్టాడని బిడ్డ చెప్పిన మాట, పొరుగింటి స్త్రీ రహస్యంగా చెప్పిన సంగతి బయటపడితే వారికి ప్రమాదం. అయితే ఈ ప్రమాదం చెప్పినవారి గుర్తింపుకు సంబంధించినది. అధికారి తన కళ్లతో చూసి రాసిన ఇంటి వర్ణన, బంధువుల వివరాలు, తల్లిపై చేసిన వ్యాఖ్య ఈ కోవలోకి రావు. వీటిని కుటుంబం భాషలో చదివి వినిపించడం నియమంగాను, దాచడం కారణం రాసి చేసే మినహాయింపుగాను మారితే గోప్యతా నిలుస్తుంది, న్యాయమూ నిలుస్తుంది.

దీనికి తోడు పత్రంలోనే కొన్ని మార్పులు సాధ్యం. చూసినదానికి, దాన్నిబట్టి తేల్చినదానికి వేర్వేరు గడులు ఉండాలి. బంధువులను కుటుంబం పిలిచే వరుసలతోనే తెలుగు లిపిలో నమోదు చేసి, వారిలో బిడ్డను సాకగలిగినవారెవరో విడిగా అడగాలి. సంభాషణ ఏ భాషలో జరిగింది, మాటను ఎవరు మోశారన్నది తప్పనిసరిగా రాయాలి. పేదరికం వల్ల కలిగిన లోటును, సంరక్షకుల చర్య వల్ల కలిగిన హానిని ఒకే శీర్షిక కింద కలపకూడదు. సమూహం తరఫున సాక్ష్యం తీసుకున్నప్పుడు కులపెద్ద మాటతో ఆగకుండా ఆ సమూహపు స్త్రీల మాటనూ యువత మాటనూ వినాలి. 15 రోజుల గడువులో ఇంత పని సాధ్యమా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో మనుషులను పెంచడం. గడువుకు సరిపోయేలా బిడ్డ జీవితాన్ని కుదించడం దానికి సమాధానం కాజాలదు.

ముగింపు

'సాంస్కృతిక సామర్థ్యం' భావన మదింపు వెనుక దాగిన కొలబద్దను బయటపెట్టి మేలు చేసింది. అయితే ప్రచారంలో అది ఉద్యోగి సంపాదించే జ్ఞానంగా కుదించుకుపోయింది. సమూహాన్ని గురించిన జ్ఞానం, ఆ సమూహానికి నోరులేనప్పుడు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే సాధనం కాగలదని నేరస్థ తెగల చట్టం అమలు నిరూపించింది. కుటుంబ నిర్వచనాన్ని పద్ధతిలో భాగం చేసిన 1978 చట్టం మరో దారి చూపింది. మన చట్టంలోనూ 99వ విభాగం రూపంలో ఆ దారికి ఒక ఆరంభం ఉంది. దాన్ని సమితి విచక్షణ నుంచి కుటుంబం హక్కుగా మార్చడం ఈ వ్యాసం చేసే ప్రధాన ప్రతిపాదన.

ఈ పనిలో తెలుగు శాఖల పరిశోధకులకు ప్రత్యేకమైన పాత్ర ఉంది. బంధుత్వ పదాల ప్రాంతీయ భేదాలు, 'సాదుకోవడం', 'మారుమనువు', 'త్యాగం' వంటి మాటల సామాజికార్థాలు, ఆదివాసీ భాషల్లో పెంపకానికి సంబంధించిన పదజాలం ఇంతవరకు భాషాశాస్త్ర, జానపద అధ్యయనాల పరిధిలోనే ఉన్నాయి. వాటిని మదింపు పత్రాల రూపకల్పన వరకు తీసుకువెళ్లగలిగితే, 'పిన్ని' అన్న ఒక్క మాట సరిగా అనువాదమైనందువల్ల ఒక బిడ్డ తన ఇంట్లోనే పెరిగే అవకాశం ఉంటుంది.